పలువరుస

తెలుగు ప్రబంధకవులు నాయికను వర్ణించేటప్పుడు పలువరుసను విస్మరించిన సందర్భాలు అరుదు. మొల్లమొగ్గలు, దానిమ్మగింజలు, ముత్యాలు వారికి నిత్యోపమానాలు. మొల్లమొగ్గల వంటి దంతాలు గల స్త్రీని ‘కుందరదన’ అని ఒక్క మాటలో పిలిచారు. సంస్కృతంలో పంటికి ‘ద్విజం’ అనే పేరు కూడా ఉంది. పాలపన్నుగా ఒకసారి, శాశ్వతదంతంగా మరొకసారి పుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇంత చక్కని పేర్లున్న కావ్యలోకంలో ఎత్తుపళ్ళ నాయిక కోసం వెతికితే శ్రమ మిగులుతుంది. లోకంలో మాత్రం అటువంటివారు ప్రతి వీధిలోనూ ఉంటారు. వీధి వారికి పెట్టే పేర్లు కావ్యాలలోని పేర్ల వలె మృదువుగా ఉండవు. ఆ పేర్లు విని విని, తమ ముఖాన్ని తామే దాచుకోవడం నేర్చుకొన్న పిల్లలు ఎందరో ఉన్నారు.

వరంగల్ నుండి ఖమ్మం వెళ్ళే రహదారి మీద వర్ధన్నపేట ఉంది. చుట్టూ పత్తి, మిరప, వరి చేలు, ఊరికి పేరు తెచ్చిన కోనారెడ్డి చెరువు, ఆ ప్రాంతంలో పారే ఆకేరు వాగు. చుట్టుపక్కల పల్లెల నుండి పెద్దలు విత్తనాలకూ ఎరువులకూ, పిల్లలు చదువులకూ ఆ ఊరికి వస్తూ ఉంటారు. అలా ఇంటర్మీడియట్ చదవడానికి వచ్చే బాలికలలో ఒకామె చదువులో చురుకైనది. రాతపరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొనేది. అయితే ఆమె పైవరుస ముందుపళ్ళు బయటికి పొడుచుకొని వచ్చి, పెదవులు పూర్తిగా మూతపడేవి కావు. కిందివరుస పళ్ళు చోటు చాలక ఒకదానిపై ఒకటి ఎక్కి ఉండేవి. నవ్వు వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి దానంతట అదే నోటికి అడ్డం వెళ్ళేది. ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అనే సామెతను పెద్దలు ఏ ఉద్దేశంతో చెప్పినా, ఆమె మాత్రం దానిని తన కోసమే పుట్టిన మాటగా భావించింది. తెలుగు తరగతిలో పద్యం చదవమని అడిగితే లేచి నిలబడేది, తలవంచుకొనేది, గొంతు నొప్పిగా ఉందని చెప్పి కూర్చొనేది.

పద్యపఠనం పట్ల ఆమె భయానికి కారణం లేకపోలేదు. మాటకూ పంటికీ ఉన్న సంబంధాన్ని వైయాకరణులు ఏనాడో గుర్తించారు. త, థ, ద, ధ, న, ల, స అనే వర్ణాలు దంత్యాలు. ‘వ’ దంత్యోష్ఠ్యం, పలకాలంటే పన్నూ పెదవీ రెండూ కావాలి. తెలుగుకు మరొక విశేషం ఉంది. చ, జ అనే వర్ణాలకు ఈ భాషలో రెండు ఉచ్చారణలు ఉన్నాయి. ‘చిలుక’, ‘జీలుగు’ అనే మాటలలోనివి తాలవ్యాలు. ‘చలి’, ‘జొన్న’ అనే మాటలలోనివి దంత్యాలు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ భేదాన్ని సూత్రబద్ధం చేశాడు. ముందుపళ్ళ అమరిక బాగా చెడినవారిలో కొందరికి ‘స’కారమూ, ఈ దంత్య చ, జలూ స్పష్టంగా పలకవు. గాలి పళ్ళ సందులనుండి తప్పించుకొని పోతుంది. వినేవారు దానిని నాలుక మందం అనుకొంటారు. ఆ బాలికకు ‘చలి’ అన్న మాట వచ్చిన ప్రతి పద్యపాదమూ ఒక గండంగా ఉండేది.

ఆమె తండ్రి రైతు. పశువుల అంగడిలో ఆయన మాటకు విలువ ఎక్కువ. కోడెను కొనాలనుకొనేవారు ఆయనను వెంట తీసుకొని వెళ్ళేవారు. ఆయన కోడె మూతిని ఒక చేత్తో ఒడిసిపట్టి, కింది పెదవిని వంచి, పళ్ళు చూసేవాడు. రెండు పళ్ళు వేసిందంటే రెండేళ్ళు దాటింది. నాలుగు పళ్ళంటే మూడేళ్ళకు అటూ ఇటూ. ఎనిమిదీ నిండితే నాలుగేళ్ళ పైమాటే. అమ్మేవాడు ఎన్ని ఒట్లు వేసినా ఆయన పళ్ళ సాక్ష్యాన్నే నమ్మేవాడు. ఇంతటి నిపుణుడు తన ముగ్గురు పిల్లలలో ఒక్కరి నోటిలోకైనా వెలుగులో తొంగిచూడలేదు. ఇందులో ఆయన ప్రత్యేక దోషం ఏమీ లేదు. కూతురి జ్వరానికి రాత్రికి రాత్రి బండి కట్టించే తండ్రులు కూడా పంటినొప్పికి లవంగం పెట్టి ఊరుకోవడం ఆ పల్లెలలో వాడుక.

బిడ్డకు ఆరవ నెల ప్రాంతంలో మొదటి పాలపన్ను వస్తుంది. మూడేళ్ళు నిండేసరికి ఇరవై పాలపళ్ళూ పూర్తవుతాయి. ఆరేళ్ళ వయస్సులో పాలపళ్ళు ఊడడం మొదలవుతుంది. ఊడిన పంటిని ఇంటి కప్పుమీదికి విసిరి, కొత్తపన్ను త్వరగా రావాలని కోరుకోవడం తెలుగుపల్లెల ముచ్చట. సరిగా ఆ రోజులలోనే, ఎవరికీ తెలియకుండా మరొక సంఘటన జరుగుతుంది. పాలపళ్ళ వెనుక, దవడ లోపలి భాగంలో, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు కొత్త దవడపళ్ళు మొలుస్తాయి. అవి శాశ్వతదంతాలు. ఏ పన్నూ ఊడలేదు కాబట్టి పెద్దలు వాటిని కూడా పాలపళ్ళుగానే లెక్కిస్తారు. పుచ్చిపోతే, ‘ఎట్లాగూ ఊడేవే కదా’ అని వదిలివేస్తారు. పాలపళ్ళను సైతం అలా వదలకూడదు. పాలదవడపన్ను కాలం రాకముందే పోతే, పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. కింద ఎదురుచూస్తున్న శాశ్వతదంతానికి దారి మూసుకొనిపోయి, అది వంకరగానైనా వస్తుంది, ఎముకలోనైనా ఉండిపోతుంది. వంశం నుండి వచ్చే దవడ కొలతలు, బొటనవేలు చీకే అలవాటును పెద్దయ్యాక కూడా మానకపోవడం, ముక్కు మూసుకొనిపోయి నోటితో గాలి పీల్చడం కూడా పలువరుసను చెదరగొట్టే కారణాలే. ఏడేళ్ళ వయస్సులో ఒకసారి దంతవైద్యునికి చూపించాలని చెప్పడంలోని ఆంతర్యం ఇదే. ఆ వయస్సులో దవడ ఇంకా పెరుగుతూ ఉంటుంది. చిన్న ఉపకరణంతో పెద్ద వంకరను నివారించవచ్చు.

ఆ బాలిక విషయంలో ఆ అవకాశం ఎప్పుడో దాటిపోయింది. 2022లో, ఆమె ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉండగా, విద్యార్థుల ఆరోగ్యాన్ని పరీక్షించే వైద్యబృందం కళాశాలకు వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు జరిపే పరీక్షలలో దంతవ్యాధులు కూడా ఉన్నాయి. బృందంలోని వైద్యుడు ఆమెను చెయ్యి తీయమని అడిగాడు. ముందుపళ్ళను చూసి ఏమీ అనలేదు. కింది దవడలో ఎడమవైపు పన్ను పుచ్చి మోడు మాత్రమే మిగిలి ఉండడం చూసి, వరంగల్ వెళ్ళి వెంటనే దంతవైద్యులకు చూపించుకోవాలని కాగితం రాసి ఇచ్చాడు.

ఇంట్లో చర్చ మొదలైంది. క్లిప్పులు వేయించుకొంటానని కూతురు మెల్లగా అన్నప్పుడు నాయనమ్మ నివ్వెరపోయింది. “దేవుడిచ్చిన పండ్లను ఇనుప తీగెలతోని కట్టిస్తరా బిడ్డా?” అని అడిగింది. పైపన్ను పీకితే కంటిచూపు పోతుందనీ, గార తీయిస్తే పళ్ళన్నీ కదిలిపోతాయనీ పక్కింటివారు తమకు తెలిసినది చెప్పారు. తల్లి మనస్సులో పెళ్ళి మాట ఉంది. ఆమె పైకి అనలేదు. తండ్రి ఖర్చు గురించి ఆలోచించాడు. ఆ ఏటి పత్తి అమ్మిన డబ్బులో అప్పులు పోను మిగిలేది ఎంతో ఆయనకు తెలుసు. అయినా పుచ్చిన పంటిని చూపించడానికైతే వెళ్దామని బయలుదేరాడు.

వరంగల్‌లోని వైద్యురాలు మోడును పరిశీలించి, అది ఆరేళ్ళ వయస్సులో వచ్చిన శాశ్వతదంతమని చెప్పింది. పదేళ్ళ క్రితం చిన్న గుంతగా ఉన్నప్పుడు సిమెంటు నింపి ఉంటే అది జీవితాంతం నిలిచేది. ఇప్పుడు తీసివేయడం తప్ప మార్గం లేదు. “అది పాలపన్ను కాదా?” అని తండ్రి రెండుసార్లు అడిగాడు. కోడె నోటిలో పాలపంటికీ కొత్తపంటికీ భేదం దూరంనుండే చెప్పగలిగిన మనిషి, ఆ జవాబు విని చాలాసేపు మాట్లాడలేదు.

కాసేపటికి వైద్యురాలు ఆయనను కూడా కుర్చీలో కూర్చోమంది. “నాకేమైంది మేడమ్? నావి ఇనుప పండ్లు” అంటూనే ఆయన కూర్చొన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ ఆ నోటిలో ఒక్క పన్నూ పుచ్చలేదు. అయితే పళ్ళ మొదళ్ళలో గార రాయిలా కట్టింది. చిగుళ్ళు వాచి, తాకితే నెత్తురు కారుతున్నాయి. ఏళ్ళ తరబడి నమిలిన పొగాకు బుగ్గ లోపల తన గుర్తును వేసింది. పళ్ళు తోమడానికి ఆయన వాడే బొగ్గుపొడి పంటిపై ఉండే గట్టిపొరను అరగదీసింది. చిగుళ్ళవ్యాధి నొప్పి లేకుండా లోపలి ఎముకను తినివేస్తుందనీ, మధుమేహం ఉన్నవారిలో అది మరింత ఉద్ధృతమవుతుందనీ, పెద్దలలో పళ్ళు కదలడానికి అదే ముఖ్యకారణమనీ ఆమె వివరించింది. గార తీసినప్పుడు పళ్ళు వదులైనట్లు అనిపించడం నిజమే. అంతవరకు గారే వాటిని అతికించి ఉంచింది కాబట్టి అలా అనిపిస్తుంది. పొగాకు మానకపోతే పళ్ళతో పోదని, నోటి పుండు కేన్సర్‌గా మారే ప్రమాదం ఉందని ఆమె నిక్కచ్చిగా చెప్పింది.

క్లిప్పుల విషయం అప్పుడు వచ్చింది. పన్ను గోడలో దిగగొట్టిన మేకు వలె బిగిసి ఉండదు. ఎముకలోని గుంటలో, సన్నని నారల మధ్య, ఊయలలో ఉన్నట్లు ఉంటుంది. దానిని ఒకవైపు మెల్లగా, విడవకుండా నొక్కితే, ఆ వైపు ఎముక కరుగుతుంది. వెనుకవైపు కొత్త ఎముక పుడుతుంది. అలా నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పన్ను కదులుతుంది. ఎముకకు ఈ గుణం జీవితాంతం ఉంటుంది కాబట్టి చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న పెద్దలు కూడా పళ్ళను సరిచేయించుకోవచ్చు. కాలం కొంత ఎక్కువ పడుతుంది. తొందరపడి బలంగా లాగితే పంటివేరు కరిగిపోతుంది. అందుకే ఈ వైద్యంలో ఓర్పు కూడా ఒక ఔషధం.

ఈ ఓర్పు వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉంది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఏడున్నర వేల ఏళ్ళకు పూర్వమే చెకుముకి రాతిమొనతో దవడపళ్ళకు రంధ్రాలు చేశారని తవ్వకాలలో దొరికిన దంతాలు నిరూపించాయి. సుశ్రుతుడు వేప, చండ్ర, ఇప్ప, కానుగ పుల్లలను దంతధావనానికి శ్రేష్ఠమైనవిగా పేర్కొన్నాడు. ఫ్రాన్సుకు చెందిన పియేర్ ఫోషార్ 1728లో ప్రచురించిన గ్రంథంలో, వంకర పళ్ళను లోహపు పట్టీకి దారాలతో కట్టి సరిచేసే పద్ధతిని వివరించాడు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్, పై కింది దవడల అమరికను తరగతులుగా విభజించాడు. ఆ విభజనకు అతడు ఆధారంగా తీసుకొన్నది ఆరేళ్ళ వయస్సులో వచ్చే ఆ మొదటి శాశ్వత దవడపంటినే. భారతదేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించాడు. 1955లో మైకేల్ బునోకోర్ పంటిపొరను ఆమ్లంతో స్వల్పంగా గరుకు చేసి, దానికి పదార్థాన్ని అతికించే ఉపాయం కనిపెట్టాడు. దానితో ప్రతి పంటికీ చుట్టూ లోహపు కట్టు వేయవలసిన అవసరం తగ్గి, చిన్న బిళ్ళను ముందువైపు అతికిస్తే చాలునన్న స్థితి వచ్చింది. వంచినా తన పూర్వరూపానికి తిరిగి వచ్చే నికెల్ టైటానియం తీగ 1970లలో ఈ వైద్యంలోకి ప్రవేశించింది. నాయనమ్మ ‘ఇనుప తీగె’ అన్నది దీనినే.

బాలికకు ముందుగా పుచ్చిన పన్ను తీశారు. చిన్న గుంతలను పూడ్చి, గార తొలగించారు. ఆ తరువాతే క్లిప్పులు వేశారు. మొదటి వారం గట్కా, పెరుగన్నం తప్ప మరేమీ మింగుడు పడలేదు. బుగ్గల లోపల ఒరుసుకొని పుండ్లు పడ్డాయి. తోటివారిలో కొందరు ‘రైలుపట్టాలు’ అని పేరు పెట్టారు. సంక్రాంతికి ఇల్లంతా సకినాలు కొరుకుతుంటే, ఆమె పాలలో నానబెట్టుకొని తిన్నది. చెరకుగడ, మొక్కజొన్న కంకి, వేయించిన శనగలు రెండేళ్ళ పాటు నిషిద్ధాలయ్యాయి. తిన్న ప్రతిసారీ తీగల సందులలో చిక్కిన మెతుకులను సన్నని బ్రష్‌తో తీయాలి. ఆ శ్రమకు బద్ధకించేవారికి క్లిప్పులు తీసిన రోజున వరుస చక్కగానే ఉంటుంది. పంటిపై మాత్రం తెల్లని మచ్చలు మిగులుతాయి. నెలకొకసారి వరంగల్ వెళ్ళి తీగ మార్పించుకోవాలి. తల్లి తోడు వస్తే ఆమెకు ఒకరోజు పత్తి ఏరే కూలి పోయేది. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బాలిక ఒంటరిగానే వెళ్ళి రావడం నేర్చుకొంది. డబ్బును తండ్రి వాయిదాలలో కట్టాడు. పొగాకు మానివేసినందువల్ల మిగిలిన సొమ్ము కూడా అందులో కలిసిందని ఆయన నవ్వుతూ చెప్పేవాడు.

పళ్ళను చూసి సిగ్గుపడేవారందరి కథా క్లిప్పులతో తీరదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్ళు చెడుతున్నాయని వైద్యశాస్త్రం గుర్తించింది. ఆ తరువాత నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధికి మారుపేరయింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని కొన్ని గ్రామాల బోరునీటిలో కూడా ఫ్లోరైడ్ మితిమీరి ఉండేది. లీటరు తాగునీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలలో తయారవుతున్న పంటిపొరను చెడగొడుతుంది. పళ్ళు గోధుమరంగు చారలతోనే పుట్టుకొస్తాయి. ఎంత తోమినా అవి పోవు. అదే ఫ్లోరైడ్ బఠాణీ గింజంత టూత్‌పేస్టులో తగిన పాళ్ళలో ఉంటే పంటిని పుచ్చకుండా కాపాడుతుంది. మిషన్ భగీరథ ద్వారా 2016 నుండి నదీజలాలు ఇళ్ళకు అందడం వల్ల తరువాతి తరానికి ఆ చారల బాధ తప్పే మార్గం ఏర్పడింది. అంతకు ముందు తరాల పిల్లలను ‘పళ్ళు తోమవా?’ అని గద్దించిన పెద్దలు, ఊరి బోరునీటి దోషాన్ని బిడ్డల సోమరితనంగా భావించారు. పలువరుసను బట్టి మనిషిని అంచనా వేయడంలో ఎంత అన్యాయం ఉందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అందరి పళ్ళూ అచ్చులో పోసినట్లు ఉండాలన్న నియమం కూడా లేదు. తొలిపూజ అందుకొనే దేవుడు ఏకదంతుడు. కాస్త వంకర ఉన్నా శుభ్రంగా ఉండి, నమలడానికీ మాట్లాడడానికీ అడ్డురాని పళ్ళను అలాగే ఉంచుకోవచ్చునని మంచి వైద్యులే చెబుతారు. నమలలేకపోయినా, తోమడానికి బ్రష్ అందకపోయినా, పెదవులు మూతపడకపోయినా, మాట చెడినా, మనస్సు కుంగినా చికిత్స అవసరం. అటువంటి అవసరం బీదఇంటి బిడ్డకు వస్తే విలాసమని పేరు పెట్టడం న్యాయం కాదు. దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో తక్కువ ఖర్చుతో ఈ చికిత్స లభిస్తుంది. ఆ సంగతి తెలిసిన చదువుకొన్న పిల్లలు తమ ఊళ్ళలో నలుగురికి చెప్పినా మేలు జరుగుతుంది.

రెండేళ్ళు గడిచాయి. ముందుపళ్ళు వెనుకకు జరిగి, పెదవులు మూతపడ్డాయి. ఎడమవైపు దవడలో పోయిన పంటి ఖాళీ కొంత మేరకు పూడింది, పూర్తిగా పూడలేదు. సరిచేసిన పళ్ళు తిరిగి పాతచోటికి పోకుండా రాత్రివేళ రిటైనర్ పెట్టుకోవాలని వైద్యురాలు చెప్పింది. ఒక వింత మాత్రం జరిగింది. పళ్ళు సరయిన తరువాత కూడా చాలా నెలలపాటు నవ్వు వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళుతూనే ఉంది. పన్ను కదలడానికి పట్టిన కాలం కన్నా, చెయ్యి కిందికి దిగడానికి పట్టిన కాలం వేరు. దానికి తీగలు లేవు. డిగ్రీ కళాశాలలో ఒకనాడు స్నేహితురాలు చెప్పిన ఏదో మాటకు పగలబడి నవ్విన తరువాత, తన రెండు చేతులూ పుస్తకాలమీదే ఉన్నాయని ఆమె గమనించింది.

ఆ ఇంటి చిన్నకొడుక్కు అప్పుడే ఆరేళ్ళు నిండాయి. ఒక ఉదయం కింది ముందుపన్ను ఊడింది. నాయనమ్మ చెప్పినట్లే వాడు దానిని కప్పుమీదికి విసిరాడు. తండ్రి వాడిని వాకిట్లో ఎండవైపు తిప్పి నిలబెట్టాడు. గడ్డం పట్టుకొని నోరు తెరవమన్నాడు. వేలితో పాలపళ్ళను ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ దవడ చివరిదాకా వెళ్ళాడు. అక్కడ చిగురును చీల్చుకొని తెల్లగా కొత్తపన్ను తల ఎత్తుతూ ఉంది. “ఇది పాలపన్ను కాదు బిడ్డా, ఇది మళ్ళ రాదు” అని చెప్పి, లోపలినుండి బ్రష్ తెమ్మని కూతురిని పిలిచాడు.